సోరియాసిస్‌కు ఏ పైపూత మేలు?

సోరియాసిస్‌కు ఏ ఆయింట్‌మెంట్ మంచిదని ఎవరైనా అడిగితే, ముందు మచ్చ ఎక్కడుందో తెలుసుకోవాలి. మోచేతి మీద మందంగా పేరుకున్న పొలుసుల్ని బాగా తగ్గించే తీవ్రమైన స్టెరాయిడ్ క్లోబెటసాల్‌నే ముఖానికో గజ్జల్లోనో పూస్తే కొన్ని వారాలకే చర్మం పల్చబడుతుంది. అక్కడి చర్మం సున్నితం, మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది.

మామూలు చర్మంలో అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి దాదాపు నెల పడుతుంది. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి తొందరపెట్టడంతో సోరియాసిస్ మచ్చలో ఇదంతా నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. ఇది అంటురోగం కాదు. మచ్చలన్నీ కలిపి రోగి అరచేతులతో (వేళ్లతో సహా) కొలిస్తే మూడింటికి లోపు ఉంటే స్వల్పం, పది దాకా ఉంటే మధ్యస్థం అంటారు. పైపూతలు ప్రధానంగా ఈ రెండు స్థాయిలకే.

త్వరగా గుణం చూపేవి స్టెరాయిడ్లు. రెండు వారాల్లోనే ఎరుపు, దురద తగ్గడం కనిపిస్తుంది. కానీ క్లోబెటసాల్ లాంటి తీవ్రమైనదాన్ని వరుసగా రెండు వారాలకు, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదు. నన్ను బాగా కలవరపెట్టేది ఇక్కడే. తామర అనుకుని మందుల షాపులో అడిగి, స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు తెచ్చుకుని నెలల తరబడి పూసేవాళ్లు మన దగ్గర చాలామంది. చర్మం మీద చారలు పడతాయి, సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, ఆపగానే జబ్బు మునుపటికంటే ఎక్కువగా తిరగబెట్టవచ్చు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతలకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి.

విటమిన్ డి రకం మందుల కథ వేరు. 1985లో జపాన్‌లో ఎముకల బలహీనతకు విటమిన్ డి రకం మాత్రలు వాడుతున్న ఒక రోగికి ఉన్న సోరియాసిస్ కూడా తగ్గిపోవడం వైద్యులు గమనించారు. ఆ దారిలో వచ్చిందే కాల్సిపోట్రియాల్. ఇది నిదానంగా పనిచేస్తుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. కాస్త మంట పుట్టిస్తుంది గానీ చర్మాన్ని పల్చబరచదు. ఒంటి మీది మచ్చలకు ఇది బలమైన స్టెరాయిడ్‌కు ఇంచుమించు సమానం, మాడు మీద మాత్రం స్టెరాయిడ్‌దే పైచేయి. పొలుసులు ఊడదీసే శాలిసిలిక్ యాసిడ్‌తో కలిపి పూస్తే కాల్సిపోట్రియాల్ చెడిపోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

బీటామెథసోన్ అనే స్టెరాయిడ్, కాల్సిపోట్రియాల్ రెండూ ఉన్న పూత, విడివిడిగా దేనికన్నా బాగా పనిచేస్తుంది. రోజుకు ఒకసారి, సాధారణంగా నాలుగు వారాలు వాడతారు. మచ్చలు తగ్గాక, తిరిగి రాకుండా వారానికి రెండు రోజులు పూయమని డాక్టర్లు చెబుతుంటారు.

పాతవాటిలో బొగ్గు తారు పూత వాసనకు, డిత్రనాల్ మరకలకు భయపడి జనం దూరమయ్యారు. డిత్రనాల్ మూలం మాత్రం ఆసక్తికరం. గోవాలో తామరకు పూసే ఒక పొడి, నిజానికి బ్రెజిల్ చెట్టు నుంచి వచ్చింది, సోరియాసిస్‌కూ పనికొస్తుందని 1870లలో లండన్ వైద్యులు గుర్తించారు. 1916లో దానికి బదులుగా ప్రయోగశాలలో తయారైనదే డిత్రనాల్.

అమెరికాలో 2022లో స్టెరాయిడ్ లేని రెండు క్రీములకు అనుమతి వచ్చింది. ఒకటి టాపినరాఫ్, మట్టిలో ఉండే ఒక రకం నులిపురుగుల్లో బతికే బ్యాక్టీరియాలో మొదట దొరికిన పదార్థం. రెండోది రోఫ్లుమిలాస్ట్, చంకలు, గజ్జల లాంటి మడతల్లోనూ వాడుకోవచ్చు. ముఖానికి, మడతలకు ఇప్పటికే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ రాస్తున్నారు. విటమిన్ ఎ రకం మందైన టాజరోటిన్ మాత్రం గర్భిణులు అసలు ముట్టకూడదు.

మందు మంచిదే అయినా చాలీచాలకుండా పూస్తే గుణం రాదు. చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండిన మందు సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మూడు అరచేతులంత మచ్చలకు రోజుకు రెండుసార్లు పూస్తే 15 గ్రాముల ట్యూబు పది రోజుల్లో అయిపోవాలి. మీ ట్యూబు రెండు నెలలు వచ్చిందంటే, మందు మార్చమని అడిగే ముందు ఆ లెక్క డాక్టరుకు చెప్పండి.