యాంట్‌పిట్టా పేరులో మన పిట్ట

‘యాంట్‌పిట్టా’ అనే అమెరికా ఖండపు పక్షి ఇంగ్లీషు పేరులో వినిపించే పిట్ట మన తెలుగు పిట్టే. ఆ మాట నుంచే 1816లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త వియెయో ‘పిట్టా’ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి) పేరు పెట్టాడు. మన అడవుల్లో కనిపించే ఇండియన్ పిట్టా అందులోదే. అదే ఏడాది ఆయనే అమెరికా ఖండపు పక్షులకు ‘గ్రల్లేరియా’ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. లాటిన్‌లో ఆ మాటకు కర్రకాళ్ల మీద నడిచేవాడని అర్థం. గుండ్రటి ఒళ్లు, పొడవాటి కాళ్లు, ఉందో లేదో అన్నంత తోక అచ్చం పిట్టాలాగే ఉండటంతో ఈ పక్షుల్ని యాంట్‌పిట్టా అన్నారు. నిజానికి రెండూ దగ్గరి చుట్టాలేం కావు.

చాలాకాలం యాంట్‌పిట్టాలను యాంట్‌త్రష్ అనే పక్షుల కుటుంబంలోనే ఉంచారు. 2000 తర్వాత డీఎన్ఏ పరీక్షలతో గ్రల్లేరిడే అనే వేరే కుటుంబం వచ్చింది. మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా వరకు ఇవి ఉన్నా, ఎక్కువ జాతులు ఆండీస్ కొండల్లోనే.

అసలు చిక్కు ‘రూఫస్ యాంట్‌పిట్టా’తో వచ్చింది. 1843లో ఫ్రెంచ్ పక్షి శాస్త్రజ్ఞుడు లాఫ్రెనే దాన్ని వర్ణించాడు. జానెడు కూడా ఉండదు, ఒళ్లంతా ఎర్రమట్టి రంగు. మబ్బులు కమ్మిన అడవిలో, నాచు పట్టిన నేల మీద నాలుగు గెంతులు వేసి, నిటారుగా ఆగి, ఈల వేసి పొదలోకి మాయమవుతుంది. కంటికి దొరికేది తక్కువ, చెవికి దొరికేదే ఎక్కువ. కొలంబియా నుంచి బొలీవియా దాకా దాదాపు ఒకేలా కనిపించే ఈ పక్షి ఒక్కో చోట ఒక్కోలా పాడుతుంది. ఈ రకం పక్షులకు పాట నేర్చుకుంటే వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అందుకే పాటలో తేడాకు అంత విలువ.

మోర్టన్ ఐస్లర్, టెర్రీ చెసర్ తదితర పక్షి శాస్త్రజ్ఞులు పాటలు, ఈకల రంగులు, డీఎన్ఏ కలిపి చూసి, 2020లో ఈ గుంపులో 16 జాతులున్నాయని తేల్చారు. వాటిలో ఆరింటికి అప్పటిదాకా శాస్త్రీయ నామమే లేదు. ఒక్కసారిగా ఇన్ని జాతులా అని ఆశ్చర్యపోవచ్చు కానీ, నాకైతే ఇది ఆలస్యంగా జరిగిన న్యాయంలా అనిపిస్తుంది.

మ్యాప్ చూస్తే కారణం అర్థమవుతుంది. ఉత్తర పెరూలో మరన్యోన్ నది కొండల్ని లోతుగా కోసేసింది. అడుగున లోయంతా ఎండిపోయిన వేడి ప్రదేశం. చల్లటి తడి అడవి వదిలి బతకలేని పక్షి దాన్ని దాటలేదు. ఇప్పుడు పడమటి గట్టున ఉన్నదాన్ని కహమార్కా యాంట్‌పిట్టా అనీ, తూర్పు గట్టున ఉన్నదాన్ని చాచాపోయాస్ యాంట్‌పిట్టా అనీ పిలుస్తున్నారు.