సగం తెగిన కచేరీలు, వాటి చుట్టూ తగువు

కర్ణాటక సంగీతం వినే నలుగురిలో ఎవరైనా ఒక పాత కచేరీ రికార్డింగు పంపారనుకోండి, ముందు వచ్చే మాట "అబ్బ, ఎక్కడ దొరికిందండీ ఇది!" అని. కాసేపటికి రెండో మాట వస్తుంది, "ఇది ఇలా పంచుకోవచ్చా?" అని. ఇక అంతే, రాగం సంగతీ పాడినాయన సంగతీ వదిలేసి అందరూ చట్టం మీద పడతారు. ఈ గొడవ ఇంటర్నెట్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు, మనవాళ్ల ఇళ్లలోకి టేప్ రికార్డర్ వచ్చిన రోజునే ఇదీ వచ్చింది.

అంతకుముందు ప్లేట్లుండేవి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసిన దగ్గర్నుంచి మన దేశంలో గ్రామఫోను వ్యాపారం అందుకుంది. ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. అంతలో రాగం ఏం పాడతారు, ఒకే పంక్తిని తిప్పితిప్పి విస్తరించే నెరవు ఏం వేస్తారు? కృతిని కుదించి, ఊపిరి బిగబట్టి పాడేసేవారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ ప్లేట్లు వింటే ఆ కాస్త జాగాలోనే ఆ కమాను ఎంత పని చేసిందో తెలుస్తుంది, కానీ అది కచేరీ కాదు. ఇక పంచుకోవడమంటే ప్లేటున్నవాళ్లింటికి వెళ్లి కూర్చుని వినడమే. ఇంట్లో నకలు తీసుకునే దారి లేదు కాబట్టి తగువూ లేదు.

అసలు కథ రేడియోతో మొదలవుతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు లాంటివాళ్లు పనిచేసిన చోటు అది. పొద్దున్నే భక్తిరంజని, తత్వాలు, సంకీర్తనలు. ఓలేటి గారు నడిపిన సంగీత శిక్షణ వస్తుంటే నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని రేడియో ముందు కూర్చున్న ఇళ్లు ఎన్నో. దేశమంతటికీ కలిపి 1952లో జాతీయ సంగీత కార్యక్రమం పెట్టారు, శనివారం రాత్రి వచ్చేది. ప్లేటు మీద మూడు నిమిషాలకు మించి దొరకని విద్వాంసుడు ఇంట్లో కూర్చుని తీరిగ్గా కాంభోజి రాగం పాడుతున్నట్టు ఉండేది. అదైపోగానే గాలిలో కలిసిపోయేది, అదే బాధ. మళ్లీ ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో. స్టేషన్లలో టేపులు ఖరీదు, పైగా కొరత. అందుకని ఉన్నవాటినే చెరిపి మళ్లీ వాడుకునేవారు. అలా ఎంత పోయిందో లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఆ చెరిగిపోయినదాంట్లో కొంతైనా మనకు మిగిలిందంటే ఇంటి దగ్గర స్పూలు టేప్ రికార్డర్ పెట్టుకుని రేడియో నుంచి పట్టుకున్నవాళ్ల వల్లే. మొదట్లో అది డాక్టర్లకీ, ప్లీడర్లకీ, కాస్త డబ్బున్నవాళ్లకీ ఉండే సరదా. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును బయటికి తెచ్చింది. మన దగ్గర ఇంటింటికీ వచ్చేసరికి డెబ్బైలు దాటాయి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు టూ ఇన్ వన్ తెచ్చారు, దాంతో రేడియో, రికార్డర్ ఒకే డబ్బాలో కూర్చున్నాయి. మీట నొక్కితే చాలు.

మా బాబాయి దగ్గర అలాంటి క్యాసెట్లు రెండు చెప్పుల పెట్టెల నిండా ఉండేవి. ప్రతి దాని మీదా బాల్ పెన్నుతో చిన్నచిన్న అక్షరాలు: ఎవరు, ఏ స్టేషను, ఏ వారం, ఏయే కృతులు. "బి వైపు: తోడి, సగం." ఆ "సగం" అన్న మాట వెనక ఒక శోకం ఉంది. తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు నలభై అయిదే. నెరవు మంచి పట్టులో ఉండగా టక్కున ఆగిపోతుంది. పరుగున వెళ్లి తిప్పి పెట్టేసరికి రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండు చుట్లు, హాంఫట్. మేమంతా ఆ కచేరీని ఆ తెగినచోటుతో సహా నేర్చుకున్నాం. ఇప్పటికీ అదే కృతి ఎవరైనా పాడుతుంటే అక్కడికి రాగానే టక్ అని వినపడుతుంది నాకు.

ఇంకో చిత్రం చెప్పాలి. పందిట్లో కచేరీని బ్యాటరీల మీద రికార్డు చేస్తే, బ్యాటరీలు నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని ఇంటికొచ్చి కరెంటు మీద సరైన వేగంతో వేస్తే పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. వేగంలో నూటికి ఆరు పాళ్ల తేడా వస్తే అర శ్రుతి మారిపోతుంది. కచేరీ మొదట్లో పాడే వర్ణానికి ఒకటిన్నర శ్రుతిలో ఉన్న ఆయన చివర పాడే మంగళానికి రెండున్నరలో ఉంటాడు. రసికుల మధ్య సగం చర్చలు దీని మీదే. "ఆయన అంత శ్రుతిలో ఎప్పుడూ పాడలేదండీ, మీ టేపు వేగం తగ్గించండి" అని ఒకరు, "కుర్రతనంలో పాడేవారు, మా నాన్న విన్నారు" అని ఇంకొకరు. ఒకేలా వినిపించే రాగాలు, అది దర్బారా నాయకీయా అన్న వాదనకైనా తీర్పు దొరుకుతుందేమో కానీ దీనికి దొరకదు.

క్యాసెట్టు రాగానే నకలు తీయడం మొదలైంది. ఎవరి దగ్గరైనా డబుల్ డెక్కు, అంటే రెండు క్యాసెట్లు పట్టే రికార్డర్, ఉందంటే ఆ ఇంటికి గిరాకీ. ఆ రోజుల్లో దీనికి రాయని కట్టుబాట్లు కొన్ని ఉండేవి, నాకు వాటి మీద గౌరవం. ఖాళీ క్యాసెట్టు అడిగినవాడే తెచ్చుకోవాలి. డబ్బు ప్రసక్తి రాకూడదు. నువ్వొకటి తీసుకుంటే నీ దగ్గరున్నదొకటి ఇవ్వాలి. దుకాణంలో దొరికే క్యాసెట్టుకి నకలు అడిగితే మొహం మీదే "కొనుక్కో" అనేవారు. ఈ చివరిదాన్ని అందరూ పాటించారని చెప్పను. కానీ కచేరీ వేరు, కంపెనీ క్యాసెట్టు వేరు అన్న తేడా మాత్రం అందరికీ తెలుసు. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం ఎల్‌పీ మీద రాయల్టీ తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకు వెళ్లేది. దానికి నకలు తీస్తే ఎవరి నోటి దగ్గర కూడు పోతుందో తెలిసిన విషయమే. రేడియోలో వచ్చినదాని గురించైతే వాదన వేరు: "పోస్టాఫీసుకి వెళ్లి ఏటా రేడియో లైసెన్సు కట్టాం, మేం కట్టిన డబ్బుతో పాడించారు, మేం పట్టుకుంటే తప్పేంటి?" ఆ లైసెన్సు రుసుము 1980ల దాకా ఉండేది. చట్టం ముందు ఈ వాదన నిలుస్తుందో లేదో కానీ, అందులో న్యాయం లేదని అనలేను.

విద్వాంసుల వైపు కూడా చూడాలి. ఒళ్లో టేప్ రికార్డర్ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న మనిషిని చూసి నవ్వి ఊరుకున్నవాళ్లున్నారు, అది ఆపితే కానీ శ్రుతి పెట్టించనన్నవాళ్లూ ఉన్నారు. గొంతు బాగాలేని రోజున పాడింది కూడా శాశ్వతంగా ఉండిపోతుందన్న టెన్షన్ ఒకటి. ఏళ్ల తరబడి గురువు దగ్గర సేవ చేసి సంపాదించిన పాఠాంతరాన్ని, అంటే కృతిని ఆ గురువు పాడే తీరుని, టేపు పెట్టుకుని ఎవరో వారంలో దించేస్తారన్న ఉక్రోషం ఇంకొకటి. అది నిజం కూడా. పాటలో ఎక్కడ ఏ సంగతి, అంటే పంక్తిని మార్చి పాడే ఏ మలుపు, ఎవరి టేపులోంచి వచ్చిందో చెప్పగల రసికులున్నారు, వాళ్ల పక్కన కూర్చుని కచేరీ వినడం మహా కష్టం.

తొంభైల్లో అమెరికా వెళ్లిన కుర్రాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసాల పక్కన ఈ క్యాసెట్లు కూడా వెళ్లాయి. అక్కడ కంప్యూటర్లలోకి ఎక్కాయి, ఎంపీ3 అయ్యాయి. దాంతో రెండు మార్పులొచ్చాయి. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకి పోయేకొద్దీ బుస్సుమనే చప్పుడు పెరిగి, నాలుగో తరం నకలుకి పాట ఎక్కడో వాన వెనక వినిపించేది. ఫైలుకి ఆ అరుగుదల లేదు. ఇది మంచిదే. రెండోది, అడిగి తీసుకోవడం పోయింది. పెట్టెలోని క్యాసెట్టుకి ఒక యజమాని ఉండేవాడు, ఆయన్ని అడగాలి, కాఫీ తాగాలి, ఆయన చెప్పే కథ వినాలి. ఆ కథలోనే ఏ ఊరు, ఏ ఏడు, మృదంగం ఎవరు అన్నదంతా వచ్చేది. ఫైలుకి ఆ కథ అంటుకుని రాలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో "అరుదైన కచేరీ, తప్పక వినండి" అని వచ్చేవాటిలో పాడినాయన పేరు కూడా తప్పుగా ఉంటోంది. చట్టం గొడవ కన్నా నాకు ఇదే ఎక్కువ మండుతుంది.

చట్టానికొస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో వెళ్లిపోయారు కాబట్టి ఆయన కృతి ఎవరి సొత్తూ కాదు. కానీ పాడినవాళ్ల హక్కు అంటూ ఒకటుంది. అది మొదట చట్టంలో లేదు, 1994 సవరణతో 25 ఏళ్లకు వచ్చింది, 1999లో దాన్ని 50 చేశారు. ప్రసారం చేసినవాళ్ల హక్కు 25 ఏళ్లు. అంటే ఒకే కాంభోజి మీద మూడు రకాల హక్కులు, మూడు రకాల గడువులు. సొంతానికి వినడం ఒకటి, ఊరందరికీ పెట్టడం ఇంకొకటి. టేపులు పోగేసుకున్న పెద్దాయనకు ఇవేవీ తెలియవు, చనిపోయిన విద్వాంసుడి మనవడికీ తెలియవు. తెలిసిందల్లా వీడియోల మధ్య ప్రకటనలు వేసి డబ్బు చేసుకునేవాళ్లకే.

ఇందులో నేనూ మునిగాను. బాబాయి క్యాసెట్టొకటి ఎక్కించి, శుభ్రం చేసి, ఒక స్నేహితుడికి పంపాను. ఆర్నెల్లకి అది ఎవరిదో చానెల్లో తేలింది, మొదట్లో గంట చప్పుడు, మూల మీద వాళ్ల ముద్ర, కింద "మా సేకరణ నుంచి". అదే తెగినచోటు, అదే టక్. అడిగితే జవాబు లేదు. బాబాయికి చెబితే కోపం రాలేదు సరికదా, "ఎంతమంది విన్నారు?" అని అడిగాడు. పదకొండు వేలమంది అన్నాను. కాసేపు ఊరుకుని, "మన పెట్టెలో ఉంటే మనిద్దరమే వినేవాళ్లం కదరా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కనీసం పేర్లయినా సరిగ్గా పెట్టాలి కదా.

అంటాను కానీ, ఆ క్యాసెట్టుకి నేను రాసిన వివరాల్లోనూ ఒక ఖాళీ ఉంది. చివర్లో అనౌన్సరు గారు పేర్లు చదువుతారు, గాత్రం ఎవరిదో చెబుతారు, వయొలిన్ చెబుతారు, "మృదంగంపై" అంటారు. అక్కడితో టేపు అయిపోయింది. తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, వినిపించి ఇప్పటికి అయిదుగుర్ని అడిగాను, ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పారు.