నడిచి తిరిగే ఊరు పెద్దవాళ్లకు కాదా? ల్యుబ్ల్యానా గురించి అపోహలు - వాస్తవాలు

జర్మనీ, ఆస్ట్రియాల్లో స్థిరపడిన మనవాళ్లకూ, వాళ్లను చూడటానికి వచ్చే అమ్మానాన్నలకూ చుట్టుపక్కల దేశాల ప్రయాణాలు కుదర్చడం నా పని. ఏప్రిల్ వచ్చిందంటే ఫోను ఆగదు. ప్రాగ్, వెనిస్ అడిగేవాళ్లకు పెద్దగా సందేహాలుండవు. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానా పేరెత్తితే మాత్రం ఒకటే ప్రశ్న, మాటలు కూడా మారవు: "అన్నా, అది నడిచి తిరిగే ఊరంట కదా. అమ్మకి మోకాళ్ల నొప్పులు. కారు తీసేసుకుంటే నయం కదా?"

పోయిన వారంలో ఇదే ప్రశ్న మూడుసార్లు విన్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: నడిచి తిరిగే ఊరు ఓపికున్నవాళ్లకే. పెద్దవాళ్లు వెంట ఉంటే కారు తప్పదు.

వాస్తవం: చాలా దూరం నడవాలి కాబట్టి దాన్ని నడిచే ఊరు అనలేదు. చూడాల్సినవన్నీ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి అన్నారు. ఎంత పక్కనో చెప్తాను. ప్రెషెరెన్ కూడలిలో ఆ పేరుగల కవి విగ్రహం దగ్గర నిలబడండి. ఎదురుగా నది మీద మూడు వంతెనలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. నడిమిది పాత వంతెన. 1929-32 మధ్య యోజె ప్లెచ్నిక్ అనే వాస్తుశిల్పి నడిచేవాళ్ల కోసం దానికి అటొకటి, ఇటొకటి చేర్చాడు. ఆయన ఈ ఊరికి చేసిన పనిని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వంతెన దాటి ఎడమకు తిరిగితే మార్కెట్టు. మార్కెట్టు చివర 1901లో కట్టిన డ్రాగన్ వంతెన. కుడికి తిరిగితే పాత బజారు వీధులు, చెప్పులు కుట్టేవాళ్ల పేరున్న ఇంకో వంతెన. నెత్తి మీద కోట. మొత్తం చుట్టి రావడం ఇంటి నుంచి రైతుబజారుకి వెళ్లొచ్చినంత పని. మధ్యలో కూర్చోవాలనిపిస్తే నది వెంబడి కాఫీ హోటళ్ల కుర్చీలు వరసగా ఉంటాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. 2007 నుంచి ఈ నడిబొడ్డును దశలవారీగా మోటారు బళ్లకు మూసేశారు. ఇక్కడే అందరూ కంగారు పడతారు. కార్లు రాకపోతే అమ్మను ఎలా తిప్పాలి అని. ఆ ప్రశ్న ఊరివాళ్లూ అడిగారు, వాళ్ల ఇళ్లలోనూ పెద్దవాళ్లున్నారు కాబట్టి. జవాబుగా కవలీర్ అనే చిన్న కరెంటు బళ్లు పెట్టారు. మెల్లగా వెళ్తాయి, నడిచే వీధుల్లోనే తిరుగుతాయి, డబ్బు తీసుకోరు. దారిలో కనబడితే చెయ్యెత్తి ఆపొచ్చు, లేదా బస చేసిన చోట చెప్తే ఫోన్ చేసి పిలుస్తారు. కోటకు ఎక్కాలంటే మార్కెట్టు పక్క నుంచే పట్టాల మీద పైకి లాగే ఫ్యునిక్యులర్ 2006 నుంచి ఉంది. ఒక్క నిమిషంలో కొండ మీద ఉంటారు.

ఇప్పుడు కారు సంగతి. మ్యూనిక్ దగ్గర ఉండే ఒక కుటుంబం నేను వద్దన్నా వినకుండా ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకుంది. అబ్బాయి జాగ్రత్త గలవాడే. ఆస్ట్రియా విన్యెట్, అంటే హైవే మీద వెళ్లడానికి కొనే టోలు చీటీ, ముందుగానే కొన్నాడు. అది స్లొవేనియాలోనూ చెల్లుతుందనుకున్నాడు. చెల్లదు. స్లొవేనియా విన్యెట్ వేరు. కార్లకు 2022 నుంచి స్టిక్కర్ కూడా లేదు, బండి నంబరు మీద ఆన్‌లైన్‌లో కొనాలి. అది లేకుండా హైవే ఎక్కితే జరిమానా కనీసం 300 యూరోలు. వాళ్లకు పడింది. హద్దులో కరవాంకె సొరంగం ఉంది, దాదాపు 8 కిలోమీటర్లు. దాని టోలు విన్యెట్‌లో కలవదు, విడిగా కట్టాలి. ఇంత ఖర్చు చేసి ఊరు చేరాక బండి లోపలికి రాదు. పార్కింగ్ కోసమని రింగ్ రోడ్డు దగ్గర హోటల్ తీసుకున్నారు. రోజూ బండిని కాంగ్రెస్ కూడలి కింద ఉన్న గ్యారేజీలో పెట్టడం, అక్కడి నుంచి నడవడం, మళ్లీ అక్కడికే తిరిగి రావడం. నది పక్క గది తీసుకుని ఉంటే ఆ తల్లి అందులో సగం కూడా నడిచేది కాదు, మధ్యాహ్నం గదికొచ్చి గంటసేపు నడుం వాల్చేది. అమ్మ సుఖం కోసం చేసిన ఖర్చంతా ఆవిడ మోకాళ్ల మీదే పడింది. సాయంత్రం ఫోన్లో ఆవిడ "మావల్ల పిల్లాడికి ఎంత ఖర్చయిందో బాబూ" అంటుంటే నాకు నోట మాట రాలేదు.

కాబట్టి ఈ ఒక్కటీ గట్టిగా చెప్తాను. మ్యూనిక్ నుంచైనా వియన్నా నుంచైనా రైల్లో రండి. ఆరు గంటలు, కాస్త పైన. కిటికీ బయట ఆల్ప్స్ కొండలు కనబడుతుంటాయి. స్టేషన్ నుంచి ప్రెషెరెన్ కూడలికి పదిహేను నిమిషాల నడక. సామాను ఉంటే టాక్సీ ఎక్కండి, ఆ ఒక్క ఖర్చుకు వెనకాడకండి. గది మాత్రం స్టేషన్‌కి, కోటకి మధ్యలో ఎక్కడైనా తీసుకోండి. పది, ఇరవై యూరోలు ఎక్కువైనా పర్లేదు. లిఫ్టు ఉందో లేదో ముందే రాసి అడగండి, పాత ఇళ్లలో ఉండకపోవచ్చు. బ్లెడ్ సరస్సు చూడాలన్నా కారు అక్కర్లేదు. రైల్వే స్టేషన్ దగ్గరే బస్టాండు, గంటన్నర లోపు అక్కడ దింపుతారు. ఊరి సిటీ బస్సుల్లో డ్రైవరు నగదు తీసుకోడు, అది గుర్తుంచుకోండి. నేల రాళ్లు పరిచింది కాబట్టి అమ్మగారికి పల్చటి చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న బూట్లు కొనివ్వండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"అమ్మానాన్నల వీసా జర్మనీ ఇచ్చింది, స్లొవేనియాకి వేరేది కావాలా?" అక్కర్లేదు. 2007 డిసెంబరు నుంచి స్లొవేనియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగల దేశాల కూటమిలో ఉంది. ఈ భయంతో రాత్రుళ్లు నిద్రపోని పెద్దవాళ్లను చూశాను, నిశ్చింతగా ఉండండి. కానీ షెంగెన్ కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో వదిలి రావద్దు. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రియా హద్దు దగ్గర, జర్మనీ హద్దు దగ్గర తనిఖీ చేయొచ్చు.

స్లొవేనియా, స్లొవేకియా ఒకటి కావు. రెండు చోట్లా యూరోనే, రెండు రాజధానులూ చిన్నవే, రెండూ నది ఒడ్డునే, జెండాలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే పొరపాటు సులువు. ఒకాయన రైలు టికెట్లు ల్యుబ్ల్యానాకి తీసి, గది స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో బుక్ చేశాడు. బయల్దేరే ముందు రోజు రాత్రి నాకు పంపితే బయటపడింది. టికెట్టు మీద, గది రసీదు మీద ఊరి పేరు పక్కపక్కన పెట్టి చదవండి.

శాకాహారులు పస్తుండాలన్నది వట్టి పుకారు. జున్నులాంటి మెత్తటి చీజ్, వాల్‌నట్లు పెట్టి చుట్టిన ష్ట్రుక్లి దొరుకుతాయి, చీజ్ బురెక్ దొరుకుతుంది. గోధుమరంగు బక్‌వీట్ ముద్ద జ్గాంట్సి మీద మాత్రం పంది కొవ్వు వేయించి చల్లుతారు. "బ్రెజ్ మెసా" అంటే మాంసం లేకుండా అని. ఆ ముక్క నేర్చుకుని, చల్లేది ఏమిటో కూడా అడగండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు మోయకండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, మార్కెట్టూ ఉండదు. పాలు, పళ్లు, మందులు శనివారమే తెచ్చిపెట్టుకోండి. శరదృతువు నుంచి ఈ ఊరికి పొగమంచు ఎక్కువ, కోట నుంచి కొండలు కనబడాలంటే వేసవి నెలలు మేలు.

ఇక నది గురించి. రాజధాని నది అనగానే డాన్యూబ్‌లా ఉంటుందనుకుని వస్తారు. ల్యుబ్ల్యానిత్సా సన్నటిది, కొత్తగా చూసినవాళ్లు కాలువ అనుకుంటారు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అలాగే నిరాశపడ్డారు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషి, "దీన్ని నది అంటారా నాయనా" అన్నారు. అప్పుడు చెప్పాను: ఈ నీళ్లు సున్నపురాతి నేలలో మునుగుతూ తేలుతూ వస్తాయి, తేలిన ప్రతిచోటా పేరు మారుతుంది, అందుకే దీన్ని ఏడు పేర్ల నది అంటారు. పోస్తోయ్నా గుహలోకి పివ్కాగా దూరిన నీళ్లు ఉనిత్సాగా బయటపడి, మళ్లీ భూమిలోకి పోయి, ఊరి ముందు ల్యుబ్ల్యానిత్సాగా పైకొస్తాయని. ఆవిడ కాసేపు నీళ్ల వైపు చూసి, "అంతర్వాహిని అన్నమాట" అన్నారు.

కవలీర్ బండి ఎక్కి వీలైనంత దూరం వెళ్లి, అక్కడి నుంచి చెయ్యి పట్టుకుని నడిపించి తర్నోవో రేవుకు తీసుకెళ్లాను. అదీ ప్లెచ్నిక్ కట్టిందే. నీళ్లలోకి దిగే వెడల్పాటి మెట్లు, పైన వరసగా చెట్లు. ఆవిడ చెప్పులు విడిచి పై మెట్టు మీద కూర్చున్నారు. కోటిలింగాల రేవులో చిన్నప్పటి కార్తీక స్నానాలు, అరటి దొప్పల్లో వదిలిన దీపాలు, అన్నీ చెప్పుకుంటూ చీకటి పడేదాకా లేవలేదు. మర్నాడు పొద్దున్నే కోటకు బయల్దేరదామంటే, ముందు రేవు దగ్గరికి తీసుకెళ్లమన్నారు.