ఉక్కలో ఆకు పడే పాట్లు

ఏప్రిల్‌లో ఆమదాలవలస దగ్గర మా మావయ్య పొలానికి వెళ్లాను. ఒంటిగంట ఎండ, గట్టు మీద ఉత్తకాలు మోపలేకపోయాను. వంగతోటలో ముందు మడికి పొద్దున్నే నీళ్లు పెట్టారు. చివరి మడికి ఇంకా అందలేదు. "ఈ ఆకు ముట్టుకుని, ఆ ఆకు ముట్టుకో" అన్నాడు మావయ్య. తడి మడిలో ఆకు చల్లగా తగిలింది. చివరి మడిలో ఆకు వాలిపోయి, ఒళ్లు కాలుతున్న పిల్లాడి నుదురులా ఉంది.

ఆకుల మీద, ముఖ్యంగా అడుగున, కంటికి ఆనని పత్రరంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మన చెమట చేసే పనే ఇది. వేర్లకు తడి అందకపోతే మొక్క ఆ రంధ్రాలు మూసేస్తుంది. నీరు మిగులుతుంది గానీ ఆకు కాగిపోతుంది.

మరి నరాలు లేని మొక్కకు వేడెక్కిందని ఎలా తెలుస్తుంది? దానికి ఫలానా చోట థర్మామీటరంటూ ఏమీ లేదు. కణం చుట్టూ ఉన్న కొవ్వుపొర వేడికి పలచబడుతుంది, కాల్షియం లోపలికి దూరుతుంది, అదొక కబురు. వెలుతురును పసిగట్టే ఫైటోక్రోమ్ బి అనే ప్రోటీన్ రాత్రి వెచ్చదనాన్ని కూడా పసిగడుతుందని 2016లో తేలింది.

నాకు మాత్రం అన్నిటికన్నా అబ్బురం హీట్ షాక్ ప్రోటీన్లే. ఏ ప్రోటీనైనా సరిగ్గా మడతపడి ఉంటేనే పనిచేస్తుంది. వేడికి ఆ మడత విడిపోయి, ఒకదానికొకటి అతుక్కుని, ఉడికిన గుడ్డులో తెల్లసొనలా గడ్డకడతాయి. అలా కాకుండా కాపాడేవే ఈ హీట్ షాక్ ప్రోటీన్లు. మామూలు రోజుల్లో వీటిలో కొన్ని, స్విచ్ లాంటి ఇంకో ప్రోటీన్‌ను కదలకుండా పట్టుకుని కూర్చుంటాయి. ఎండ ముదిరి కణంలో ప్రోటీన్లు పాడవడం మొదలైతే దాన్ని వదిలేసి అటు పోతాయి. చెర వీడిన స్విచ్ కేంద్రకంలోకి వెళ్లి, ఈ ప్రోటీన్లు ఇంకా కావాలంటూ వాటిని తయారుచేసే జన్యువులను లేపుతుంది. అంటే ఎంత పాడైందో అదే వేడికి కొలత! ఈ గుట్టుకు మొదటి ఆచూకీ దొరికింది మొక్కల్లో కాదు, పండు ఈగల్లో. ఇంక్యుబేటర్ వేడి అనుకోకుండా పెరిగితే వాటి క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బడం (అక్కడి జన్యువులు లేచాయనడానికి గుర్తు) గమనించి, ఇటలీకి చెందిన ఫెరూచియో రిటోసా 1962లో ప్రకటించాడు.

ఈ ప్రోటీన్లు తయారవడానికి కొంత టైం పడుతుంది. అందుకే ముందు ఓ మోస్తరు వేడి చూపించిన మొలకలు తర్వాత 45 డిగ్రీల్లో పెట్టినా బతుకుతాయి, నేరుగా పెట్టినవి చచ్చిపోతాయి. నీడలో పెంచిన నారును నాలుగు రోజులు ఎండకు అలవాటు చేశాకే మావయ్య నాటుతాడు.

ఇంత ఏర్పాటున్నా వరి పువ్వు దగ్గర మొక్క ఓడిపోతుంది. పూత మీదున్నప్పుడు ప్రతి పువ్వూ పొద్దుటి పూట గంటో, రెండు గంటలో విచ్చుకుంటుంది. ఆ కాస్త వేళలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తిత్తులు సరిగ్గా పగలవు, గింజ తాలుపోతుంది. ఇక్కడే మన తీరం సంగతి వస్తుంది. ఉక్కపోత రోజున మన చెమట ఆరదు కదా, కంకి చెమటా ఆరదు. ఆస్ట్రేలియాలో పొడిగాలి వీచే వరిపొలాల్లో కంకి, చుట్టూ ఉన్న గాలికన్నా దాదాపు 7 డిగ్రీలు చల్లగా ఉన్నట్టు కొలిచారు. సముద్రపు తేమ నిండిన మన గాలిలో అంత చల్లబడే వీలే లేదు. కాబట్టి టీవీలో చెప్పే డిగ్రీలొక్కటే చూస్తే చాలదు, గాలిలో తేమ కూడా చూడాలి. ఓ అడవి వరి జాతి ఎండ ముదరకముందే, పెందలాడే పువ్వు విప్పుతుంది. ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చే పని జరుగుతోంది. మనలాంటి ఉక్క ప్రాంతాలకు నాకు ఎక్కువ ఆశ దాని మీదే.

పొద్దు వాలాక చివరి మడికి నీళ్లు వదిలాం. చీకటిపడేసరికి వాలిన ఆకులు లేచాయి. మావయ్య అరచెయ్యి తిప్పి, చేతి వెనకవైపుతో ఒక ఆకును తాకి చూసి, మోటారు కట్టేశాడు.