స్కాట్లాండ్ రెఫరెండం: అడిగే హక్కు ఎవరి చేతుల్లో ఉంది?

2022 నవంబర్ 23న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. స్వాతంత్ర్యం మీద రెఫరెండం (ప్రజలనే నేరుగా అడిగే ఓటు) పెట్టడానికి స్కాట్లాండ్ పార్లమెంటు సొంతంగా చట్టం చేసుకోలేదని ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా తేల్చారు. ఈ ఓటుతో దానంతటదే విడిపోవడం జరగదు, జనం మనసులో ఏముందో తెలుసుకోవడానికే పెడుతున్నాం అని స్కాట్లాండ్ ప్రభుత్వం తరఫున వాదించినా లాభం లేకపోయింది. అదే స్కాట్లాండ్‌లో 2014లో సరిగ్గా ఇదే విషయం మీద ఓటింగ్ ప్రశాంతంగా జరిగింది. అప్పుడు కుదిరింది, తర్వాత ఎందుకు కుదరలేదు? దీనికి జవాబు చట్టాల్లో కొంతే దొరుకుతుంది, మిగతాదంతా రాజకీయాల్లో ఉంది.

ఇంగ్లండ్, స్కాట్లాండ్ 1707 మే 1న ఒక్క రాజ్యమయ్యాయి. రెండు పార్లమెంట్లూ చట్టాలు చేశాయి. పనామా తీరంలో డేరియన్ వలస కోసం పెట్టిన డబ్బంతా మునిగిపోయి స్కాట్లాండ్ సంపన్నులు దెబ్బతిని ఉన్న సమయమది. కలిసినందుకు ఇంగ్లండ్ ఇచ్చిన దాదాపు 3,98,000 పౌండ్లలో ఎక్కువ భాగం ఆ నష్టాలు పూడ్చడానికే పోయింది. మామూలు జనాన్ని ఎవరూ అడగలేదు. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వీధుల్లో అల్లర్లు జరిగినా ఒప్పందం ఆగలేదు. ఇది రెండు దేశాలూ ఇష్టపడి కలుపుకున్న బంధమని బ్రిటన్ నాయకులు ఇప్పటికీ అంటారు. ఇష్టం పోయినప్పుడు బయటికి వచ్చే దారేమిటో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. గొడవంతా అక్కడే ఉంది.

స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ) 1934లో పుట్టినా చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువే. ఉత్తర సముద్రంలో చమురు బయటపడ్డాక లెక్క మారింది. ‘ఇది స్కాట్లాండ్ చమురు’ అన్న నినాదంతో ఆ పార్టీ 1974 అక్టోబర్ ఎన్నికల్లో స్కాట్లాండ్‌లో 30 శాతం ఓట్లు, 11 సీట్లు తెచ్చుకుంది. తమ కంచుకోట కదిలిపోతోందని లేబర్ పార్టీకి భయం పట్టుకుంది. స్వాతంత్ర్యం మాట ఎత్తకుండా, ఎడిన్‌బరోలో కొద్దిపాటి అధికారాలతో ఒక అసెంబ్లీ పెడతామంది. దాని మీద రెఫరెండం ఒప్పుకుంది.

1979 నాటి ఈ ఓటు దగ్గర కాస్త ఆగి చూడాలి. ఆట నియమాలు ఎవరు రాస్తే ఫలితం వాళ్ళ చేతుల్లోకి ఎలా వెళుతుందో ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. బిల్లు పార్లమెంటులో ఉండగా లేబర్ ఎంపీ జార్జ్ కన్నింగ్‌హామ్ ఒక సవరణ నెగ్గించారు. ఆయన పుట్టింది స్కాట్లాండ్‌లో, గెలిచింది లండన్ నియోజకవర్గంలో. ‘అవును’కు ఎక్కువ ఓట్లు వస్తే చాలదు, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది ‘అవును’ అనాలి అన్నది ఆ సవరణ. మార్చి 1న పోలింగ్ జరిగింది. అవును అన్నవాళ్ళు 12,30,937 మంది, కాదన్నవాళ్ళు 11,53,502 మంది. పోలైన ఓట్లలో 51.6 శాతంతో ‘అవును’ గెలిచింది. కానీ మొత్తం ఓటర్ల లెక్కలో అది 32.9 శాతమే. అంటే ఓటు వెయ్యకుండా ఇంట్లో కూర్చున్న ప్రతి మనిషీ కాదన్నట్టే లెక్కపడ్డారు. అసెంబ్లీ రాలేదు. మండిపడ్డ ఎస్ఎన్‌పీ, లేబర్ ప్రభుత్వానికి ఎదురుతిరిగింది. నెల తిరక్కుండానే, మార్చి 28న, అవిశ్వాస తీర్మానం 311-310తో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ తర్వాత ఎన్నికల్లో మార్గరెట్ థాచర్ అధికారంలోకి వచ్చారు. స్కాట్లాండ్ తిరస్కరిస్తూ వచ్చిన కన్జర్వేటివ్ పార్టీయే 18 ఏళ్ళు దాన్ని పాలించింది. మనకంటూ ఒక పార్లమెంటు ఉండాలన్న కోరిక జనంలో గట్టిపడింది ఈ కాలంలోనే.

1997 సెప్టెంబర్ 11న మళ్ళీ అడిగారు. ఈసారి 40 శాతం మెలిక లేదు. 74.3 శాతం మంది పార్లమెంటు కావాలన్నారు. 1998లో చట్టం వచ్చింది, 1999లో పార్లమెంటు కూర్చుంది. అయితే లండన్, అంటే బ్రిటన్ ప్రభుత్వం, తన చేతిలోనే ఉంచుకున్న అంశాల జాబితా ఒకటి ఆ చట్టంలో ఉంది. అందులో ‘స్కాట్లాండ్, ఇంగ్లండ్ రాజ్యాల కలయిక’ కూడా ఉంది. పాతికేళ్ళ తర్వాత సుప్రీంకోర్టు వేలు పెట్టి చూపించింది ఈ ముక్కనే.

కొత్త పార్లమెంటు ఎన్నికల పద్ధతిలో ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ రావడం కష్టమని అందరూ అనుకున్నారు. 2011లో అలెక్స్ సామండ్ నాయకత్వంలో ఎస్ఎన్‌పీ 129 సీట్లలో 69 గెలిచింది. రెఫరెండం పెడతామని మ్యానిఫెస్టోలో చెప్పి మరీ గెలిచింది. ఆ అంశం లండన్ చేతిలో ఉంది గనక బంతి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ దగ్గరికి వచ్చింది. ఆయన కాదనలేదు. అప్పట్లో సర్వేల్లో స్వాతంత్ర్యానికి మద్దతు మూడో వంతు దగ్గరే తిరుగుతోంది. ఒకసారి ఓటు పెట్టి ఓడిస్తే ఈ డిమాండ్ పీడ విరగడవుతుందన్న అంచనా లండన్‌లో బలంగా ఉంది.

2012 అక్టోబర్ 15న ఎడిన్‌బరోలో ఇద్దరూ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఎవరికి కావలసింది వాళ్ళు రాబట్టుకున్నారు. ఓటు 2014 చివరిదాకా ఎప్పుడైనా పెట్టుకునే వెసులుబాటు, 16, 17 ఏళ్ళ వాళ్ళకు ఓటు సామండ్‌కు దక్కాయి. కామెరాన్‌కు దక్కింది ఒక్కటే గానీ పెద్దది: బ్యాలెట్ మీద ఒకే ప్రశ్న ఉండాలి. విడిపోకుండానే మరిన్ని అధికారాలు ఇవ్వడం అనే మూడో దారికి జనంలో మంచి ఆదరణ ఉండేది. అది బ్యాలెట్ మీద ఉంటే ఓడినా సామండ్ చేతికి ఏదో ఒకటి దక్కేది. ఆ తలుపు అక్కడే మూసేశారు.

ప్రశ్న రాయడం మీదా పెద్ద కసరత్తే జరిగింది. ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటారా?’ అని ఎస్ఎన్‌పీ ప్రభుత్వం రాసింది. ‘ఒప్పుకుంటారా’ అని అడగడంలోనే అవును వైపు మొగ్గు ఉందని ఎన్నికల కమిషన్ చెప్పడంతో ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?’ అని మార్చారు. ఈ జాగ్రత్త ఎంత అవసరమో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రాన్ని చూస్తే తెలుస్తుంది. కెనడాకు కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం ప్రతిపాదించాక క్యూబెక్ సార్వభౌమ దేశం కావాలా అని 1995లో అక్కడ మెలికలు తిరిగిన ప్రశ్న వేశారు. ‘కాదు’ 50.58 శాతంతో, 54 వేల చిల్లర ఓట్ల తేడాతో గట్టెక్కింది. భయపడిన కెనడా 2000లో చట్టం తెచ్చి, ప్రశ్న స్పష్టంగా ఉందో లేదో, వచ్చిన మెజారిటీ చాలునో లేదో తేల్చే అధికారం ఫెడరల్ పార్లమెంటు చేతికి ఇచ్చింది.

ఇక ఎవరికి ఓటు? స్కాట్లాండ్‌లో నివసిస్తున్నవాళ్ళకి. కామన్వెల్త్ దేశాల పౌరులు, యూరోపియన్ యూనియన్ పౌరులు కూడా ఇందులోకి వచ్చారు. గ్లాస్గో ఆసుపత్రిలో పనిచేస్తూ అక్కడ ఓటరుగా నమోదైన గుంటూరు డాక్టరు చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్నా ఓటు వెయ్యొచ్చు. గ్లాస్గోలోనే పుట్టి లండన్‌లో స్థిరపడినవాళ్ళకు మాత్రం ఓటు లేదు. పుట్టుక, రక్తం చూడకుండా అక్కడ బతుకుతున్నవాళ్ళే ఆ నేల భవిష్యత్తు తేల్చాలన్న ఈ నియమం ఆ రెఫరెండంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే విషయం.

ప్రచారమంతా పౌండ్ చుట్టూ తిరిగింది. విడిపోతే పౌండ్‌ను ఉమ్మడిగా వాడుకోనివ్వమని లండన్‌లో ప్రధాన పార్టీలు మూడూ తెగేసి చెప్పాయి. అయినా పోలింగ్‌కు పదిరోజుల ముందు ఒక సర్వేలో ‘అవును’ 51-49తో ముందుకొచ్చేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. ముగ్గురు పార్టీ నాయకులు మరిన్ని అధికారాలు ఇస్తామని ఒక పత్రిక మొదటి పేజీలో మాట ఇచ్చారు. అంటే బ్యాలెట్ మీద నుంచి తీసేసిన మూడో దారినే చివరి రెండు రోజుల్లో హామీగా తెచ్చి పెట్టారు. సెప్టెంబర్ 18న 84.6 శాతం మంది ఓటేశారు. కాదన్నవాళ్ళు 55.3 శాతం, అవునన్నవాళ్ళు 44.7 శాతం. సామండ్ రాజీనామా చేశారు.

డిమాండ్ మాత్రం చావలేదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో స్కాట్లాండ్‌లోని 59 ఎంపీ సీట్లలో 56 ఎస్ఎన్‌పీకే వచ్చాయి. 2016లో బ్రెగ్జిట్ ఓటు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలా అన్న రెఫరెండం, వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలంటే బ్రిటన్‌లోనే ఉండాలని 2014లో ‘కాదు’ శిబిరం చెప్పింది. ఇప్పుడు స్కాట్లాండ్ 62 శాతంతో యూనియన్‌లోనే ఉంటామన్నా బయటికి రాక తప్పలేదు. పరిస్థితి మొత్తం మారింది గనక మళ్ళీ అడగాలని 2017లో సామండ్ తర్వాత స్కాట్లాండ్ ప్రభుత్వాన్ని నడిపిన ఎస్ఎన్‌పీ నాయకురాలు నికోలా స్టర్జన్ అనుమతి కోరితే, ఇది సమయం కాదని అప్పటి బ్రిటన్ ప్రధాని థెరెసా మే తోసిపుచ్చారు. ‘తరానికి ఒకసారి వచ్చే అవకాశం’ అని మీరే అన్నారు కదా అన్నది లండన్ వాదన. ఎస్ఎన్‌పీ నాయకులు ఆ మాట అన్నది నిజమే. ఎడిన్‌బరో ఒప్పందంలో మాత్రం అది లేదు. 2021లో స్కాట్లాండ్ పార్లమెంటులో స్వాతంత్ర్యం కోరే పార్టీలకు 129లో 72 సీట్లు వచ్చినా అనుమతి రాలేదు. 2011లో మెజారిటీ వస్తే చర్చలకు పిలిచారు, పదేళ్ళ తర్వాత అదే మెజారిటీని పక్కన పెట్టారు. ఈ మధ్యలో సర్వేల్లో మద్దతు మూడో వంతు నుంచి సగం దాకా పెరిగింది. గెలుస్తామన్న ధీమా ఉన్నన్నాళ్ళే ఓటు పెట్టడానికి లండన్ సిద్ధపడిందని నా అభిప్రాయం. అలాగని ఎస్ఎన్‌పీ అదృష్టమూ నిలవలేదు. 2019లో 48 సీట్లు గెలిచిన పార్టీ 2024లో తొమ్మిదికి పడిపోయింది.

ఉత్తర ఐర్లండ్ కూడా ఇదే బ్రిటన్‌లో భాగం. దానికి మాత్రం 1998 శాంతి ఒప్పందంతో చట్టంలో దారి ఉంది. మెజారిటీ ప్రజలు ఐర్లండ్‌తో కలవాలని కోరుకుంటున్నట్టు కనిపిస్తే సంబంధిత మంత్రి ఓటు పెట్టాల్సిందే. ఒకసారి పెట్టాక మళ్ళీ పెట్టాలంటే ఏడేళ్ళు ఆగాలి. అక్కడ కూడా మంత్రి విచక్షణకు చాలానే వదిలేశారు, కానీ ఎప్పుడు అడగాలి, ఎంతకాలం ఆగాలి అన్నది కాగితం మీద ఉంది. స్కాట్లాండ్‌కు ఆ పాటి నియమమైనా ఇవ్వడానికి లండన్ ఒప్పుకోలేదు.