కృష్ణ అవతలి పరదేశం నుంచి 182 రోజుల లెక్క దాకా

2025 జులైలో, ఆదాయపు పన్ను రిటర్నులు నింపే హడావిడి మధ్య, దేవరకొండ వైపు మనిషి ఒకాయన ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలతో నల్లగొండలో నా టేబుల్ ముందు కూర్చున్నాడు. నేపాల్‌లో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో సొరంగం పనుల సూపర్‌వైజర్‌గా చేసి వచ్చాడు. "అన్నా, ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే ఉంటి. జీతంలో అక్కడోళ్లు పన్ను కోసిన్రు. మళ్లా ఇక్కడెందుకు చూపియ్యాలె?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే మాత్రం చాలా వెనక్కి పోవాలి.

మన జిల్లాలకు పక్క దేశంలో పని కొత్త కాదు. 1947 దాకా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పల్నాడు వైపు పోయినా, అలంపురం నుంచి తుంగభద్ర దాటి కర్నూలుకు పోయినా నిజాం రాజ్యం వదిలి బ్రిటిష్ ఇండియాలో అడుగు పెట్టినట్టే. ఇక్కడ నిజాం నాణెం హాలీ సిక్కా, అక్కడ ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి. సరిహద్దులో కరోడ్‌గిరి నాకాలు, అంటే సుంకం వసూలు చేసే చౌకీలు. పన్ను చట్టాలూ వేరే. బ్రిటిష్ ఇండియాలో 1922 చట్టం నడిచేది. నిజాం ప్రభుత్వం తన సొంత ఆదాయపు పన్ను చట్టాన్ని 1357 ఫస్లీలో, అంటే 1947-48లో తెచ్చింది. అది ఎన్నాళ్లో నిలవలేదు. 1950 ఏప్రిల్ 1 నుంచి 1922 చట్టమే హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించింది.

రోజులు లెక్కపెట్టే పద్ధతి ఆ 1922 చట్టంలో మొదట లేదు. 1939 సవరణతో వచ్చింది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఇక్కడివాడు, బయటి దేశపు సంపాదన కూడా ఇక్కడ చూపాల్సినవాడు. 1961 చట్టం దాన్నే ఆరో సెక్షన్‌లో పెట్టుకుంది. అందులో ఇంకో గీటురాయి కూడా ఉంది: ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఉన్నా రెసిడెంటే. పౌరసత్వం ఏదని, ఓటు ఎక్కడని ఈ మూల లెక్క అడగదు. ఒంటి మీద చొక్కాతో మనిషి ఇక్కడ ఎన్ని రోజులు తిరిగాడన్నదే దానికి కావాలి.

1961 చట్టం మొదటి రూపంలో నాకు విచిత్రంగా అనిపించేది ఇంటి నిబంధన. ఊళ్లో 182 రోజులు ఇల్లు నడుపుతూ, మనిషి 30 రోజులు కనిపించినా రెసిడెంట్ అయిపోయేవాడు. భార్యాపిల్లల్ని ఊళ్లో ఉంచి పనికి పోయేవాడికి ఇది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. ఇంటికి తాళం వేసుకుని పోయేవాళ్లు ఎందరు? 1982 ఫైనాన్స్ చట్టం ఆ నిబంధనను తీసేసింది. అదే చట్టం కొలువు కోసం దేశం వదిలిన భారత పౌరుడికి, వెళ్లిన ఏడాదికి, 60 బదులు 182 రోజులు ఇచ్చింది. విదేశంలో ఉంటూ సెలవుకు వచ్చిపోయేవాళ్లకు 90 రోజులన్నారు. తర్వాత అది 150 అయింది, 1994లో 182కు చేరింది.

2020 బడ్జెట్ మళ్లీ బిగించింది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లు సెలవుకు వస్తే 120 రోజులకే చిక్కుతారు. ఏ దేశంలోనూ పన్ను కట్టనివాళ్లను రెసిడెంట్‌గా భావిస్తామన్న మాటతో గల్ఫ్ కుటుంబాలు టెన్షన్ పడ్డాయి. గల్ఫ్ జీతం జోలికి రామని మర్నాడే, ఫిబ్రవరి 2న, కేంద్రం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. గల్ఫ్ వలస కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎక్కువ కాబట్టి ఆ గోల మన దగ్గర అంతగా వినపడలేదు.

ఇన్ని సడలింపుల్లో దొరకనిది ఒకటే, కొలువు వదిలి తిరిగొచ్చేసిన ఏడాది. మా సూపర్‌వైజర్ చిక్కింది అక్కడే. 2023 ఆగస్టు 10న వెళ్లాడు. అప్పటికి ఆ ఆర్థిక సంవత్సరంలో 132 రోజులు, సంక్రాంతికి వచ్చిన 12 కలిపితే 144. కొలువుకు పోయిన ఏడాది కాబట్టి 182 లోపే, నాన్ రెసిడెంట్. మరుసటి ఏడాది దసరాకు 10 రోజులు వచ్చాడు. 2024 డిసెంబర్ 20న పని ముగించుకుని వచ్చేశాడు. మార్చి 31 దాకా 102, మొత్తం 112 రోజులు. 60 దాటింది. వెనక నాలుగేళ్లలో 365 ఎప్పుడో దాటింది. 253 రోజులు దేశంలో లేకున్నా ఆ ఏడాదికి రెసిడెంటే, ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా నేపాల్ జీతం కూడా ఇక్కడ చూపాలి. "అంటే రెండుసార్లు కట్టుడా?" అన్నాడు.

కాదు. భారత్, నేపాల్ మధ్య 2011 నాటి ఒప్పందం ఉంది. రెండు దేశాలూ నువ్వు మావాడివేనన్నప్పుడు శాశ్వత ఇల్లు ఎక్కడ, కుటుంబం, బతుకు ఎక్కడ అని వరుసగా చూస్తారు. దేవరకొండలో ఇల్లు, పిల్లల బడి ఉన్నాయి కనుక ఇతను ఇక్కడివాడు. అక్కడ కట్టిన పన్నును ఫారం 67 వేసి ఇక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు. పేచీ ఏమంటే, నేపాల్ ఆర్థిక సంవత్సరం జులై నడుమ మొదలవుతుంది, మనది ఏప్రిల్‌లో. ఒక సర్టిఫికెట్‌ను రెండు ముక్కలుగా కోసి లెక్క కట్టాలి. రేటుతో మాత్రం తలనొప్పి లేదు. వంద రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, 1993 నుంచి అదే.

అసలు కష్టం ఏ రోజు ఎక్కడున్నాడన్న రుజువు. దుబాయ్ పోయినవాడి పాస్‌పోర్టు మీద ముద్రలుంటాయి. నేపాల్‌కు 1950 స్నేహ ఒప్పందం పుణ్యమా అని పాస్‌పోర్టే అక్కర్లేదు. ఇతను హైదరాబాద్‌లో రైలెక్కి రక్సౌల్‌లో దిగి, ఆధార్, ఓటరు కార్డు జేబులో పెట్టుకుని బీర్‌గంజ్‌కు నడిచి దాటినవాడు. ఎక్కడా ముద్ర లేదు. వచ్చిన రోజు, పోయిన రోజు లెక్కలోకి వస్తాయా అన్నదే ఒక వాదం. వచ్చిన రోజును వదిలేసిన ట్రిబ్యునల్ తీర్పులున్నాయి, నేను మాత్రం రెండూ కలిపే లెక్కేస్తాను.

2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. ట్యాక్స్ ఇయర్ అని పేరు మారింది గానీ ఈ రోజుల లెక్క అదే. అతని రిటర్ను నింపేనాటికి ఫోన్ మార్చడంతో టికెట్ మెసేజ్‌లు పోయాయి. రుజువుగా సైటు హాజరు మస్టరు ఫొటో తీసి పంపమని పాత మేస్త్రీకి నా టేబుల్ ముందు నుంచే నేపాల్‌కు ఫోన్ కలిపాడు.