విశాఖ–భీమిలి తీరం: బస్సెక్కి వెళ్లి ఒంటరిగా నడిచేవాళ్ల అపోహలు, వాస్తవాలు

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన నడిచే దారులు చూపించడం నా పని. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఒంటరిగా వచ్చేవాళ్లే, చాలామందికి సొంత బండి కూడా ఉండదు. ఎవరో చెప్పిన మాటలు విని కొందరు అసలు రావడమే మానేస్తారు, ఇంకొందరు వచ్చి నీళ్ల దగ్గర అక్కర్లేని సాహసాలు చేస్తారు. ఈ రెండూ చూసి చూసి రాస్తున్నాను.

అపోహ: బండి లేకపోతే బీచ్ నడక కుదరదు

నిజానికి బండి ఉంటేనే ఇబ్బంది. ఎక్కడ పార్క్ చేశారో మళ్లీ అక్కడికే రావాలి కాబట్టి, నడిచిన దూరమంతా వెనక్కి కూడా నడవాలి. బస్సులో వెళ్తే ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కొచ్చు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె సిటీ బస్సు తిరుగుతుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాదాపు 25 కిలోమీటర్లు. దారి పొడవునా రోడ్డు సముద్రాన్ని వదిలి మరీ దూరం పోదు, అందుకని కాళ్లు నొప్పెడితే చాలాచోట్ల ఇసుక దాటి రోడ్డెక్కి బస్సు కోసం నిలబడొచ్చు. ఇంత వీలున్న తీరం మన రాష్ట్రంలో తక్కువ.

నేను అందరికీ గట్టిగా చెప్పేది ఒకటే: ముందు బస్సులో దూరం వెళ్లిపోండి, తర్వాత ఊరి వైపు నడుచుకుంటూ రండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, ఆర్కే బీచ్‌లో మొదలుపెట్టి భీమిలి వైపు నడుస్తారు. అలా పోయేకొద్దీ బస్సులు పలచబడతాయి, టీ కొట్లు తగ్గుతాయి, సరిగ్గా అలసిపోయే సమయానికి ఏ సౌకర్యమూ లేని చోట ఉంటారు. అదే ఊరి వైపు నడిస్తే, అలసట పెరిగేకొద్దీ బస్సులూ ఆటోలూ మంచినీళ్లూ కూడా పెరుగుతాయి. ఎండ సంగతి కూడా ఉంది. ఇక్కడ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, పొద్దున పూట విశాఖ వైపు నడిస్తే సూర్యుడు ఎడమ భుజం వెనకాల ఉంటాడు. భీమిలి వైపు నడిస్తే, ముఖ్యంగా వేసవిలో, ఎండంతా ముఖం మీదే.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ ఉంటే బస్సు టైము తెలిసిపోతుంది

దారి తెలుస్తుంది, టైము మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. పొద్దున ఎక్కిన బస్సులోనే కండక్టర్ని అడగండి, "సాయంత్రం ఇటు చివరి బస్సు ఎన్నింటికండీ?" అని. ఆయన చెప్పినదానికి ముందు బస్సునే మీ చివరి బస్సు అనుకోండి. చిల్లర ఉంచుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. నడక మధ్యలో ఎన్నిసార్లు దిగి ఎక్కినా ఖర్చు లేదు. ఒంటరిగా నడవాలనుకునే అమ్మాయిలకి ఇది నిజంగా పెద్ద ధైర్యం.

అపోహ: ఆడవాళ్లు ఒంటరిగా తీరం వెంట నడవకూడదు

ఈ మాట విని ఆగిపోయినవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఏ చోటు, ఏ వేళ అన్నది చూసుకోవాలి, అంతే. తెల్లారాక మొదటి మూడు గంటలు ఈ తీరం మీద మనుషులు బాగా ఉంటారు: వలలు లాగేవాళ్లు, చేపలు ఏరేవాళ్లు, వాకింగ్‌కి వచ్చినవాళ్లు, రుషికొండ దగ్గర కాలేజీ పిల్లలు. నిర్మానుష్యంగా ఉండేది మిట్టమధ్యాహ్నం, మళ్లీ చీకటి పడ్డాక. మొదటిసారి వచ్చేవాళ్లకి తెన్నేటి పార్కు నుంచి లాసన్స్ బే మీదుగా ఆర్కే బీచ్ దాకా నడవమంటాను, దాదాపు ఐదు కిలోమీటర్లు. చివర్లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర కూర్చోవడానికి చోటుంటుంది. సోమవారం మ్యూజియానికి సెలవు. అది అలవాటయ్యాక తొట్లకొండ దిగువ నుంచి రుషికొండ దాకా వెళ్లండి, ఏడు కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది.

జాలరి ఊళ్లలో అలివి వల (ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల) లాగుతుంటే ఒక జాగ్రత్త. రెండు గుంపులు దూరదూరంగా నిలబడి రెండు తాళ్లు లాగుతుంటారు, తాడు మోకాలెత్తులో బిగుసుకొని ఉంటుంది. అల వచ్చినప్పుడు అది ఒక్కసారిగా పైకి లేస్తుంది, సరిగ్గా అప్పుడు దాటబోతే కాలు తగిలి పడతారు. "తాడు దాటకమ్మా, ఎనక నుంచెల్లు" అని వాళ్లే కేకేస్తారు. లాగేవాళ్ల వెనక నుంచి చుట్టు తిరిగి పోవాలి. ఆరేసిన వలల మీద, ఎండు చేపల మీద కాలు పెట్టకండి. అది వాళ్ల కూడు.

అపోహ: ఇసుక చదునే కదా, ఎంతైనా నడవొచ్చు

పొడి ఇసుకలో నడిస్తే గట్టి నేల మీద కన్నా రెట్టింపు పైనే శక్తి ఖర్చవుతుంది. రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిచేవాళ్లు ఇక్కడ నాలుగైదు చాలనుకోవాలి. అల వెనక్కి పోయాక తడిగా, గట్టిగా ఉండే పట్టీ ఒకటి ఉంటుంది చూడండి, మడమ పెట్టినా దిగబడదు, నడవాల్సింది దాని మీదే. అయితే అదీ నీళ్ల వైపు వాలుగానే ఉంటుంది. గంటల తరబడి ఒకే వైపు నడిస్తే ఒక కాలు పల్లంలో, ఒక కాలు మిట్టలో పడి మోకాలు పట్టేస్తుంది. మధ్యమధ్యలో కాసేపు రోడ్డు మీదికి రండి. చెప్పుల్లేకుండా నడిస్తే ఆరోగ్యం అంటారు గానీ, జాలరి ఊళ్ల దగ్గర గాలాలు, గాజుపెంకులు ఉంటాయి, వెనకపట్టీ ఉన్న శాండల్స్ వేసుకోండి.

అపోహ: మోకాలి లోతు నీళ్లేగా, పైగా నాకు ఈతొచ్చు

ఈ తీరంలో అసలు ప్రమాదం ఇదే. ఒంటరిగా ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ, లాగడానికి పక్కన మనిషి ఉండడు కాబట్టి. ఒడ్డుకొచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట సన్నని పాయగా గూడి వేగంగా లోపలికి పోతుంది, దాన్నే రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అక్కడే అది ఉండొచ్చు. అలలు లేని చోటు క్షేమం అనుకొని సరిగ్గా అందులోకే దిగుతారు జనం. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక ఒడ్డుకి రావాలి. ఒంటరి నడకలో మాత్రం పాదాలు తడిస్తే చాలు.

బంగాళాఖాతంలో ఆటుపోట్లు లెక్కలోవి కావు అనేవాళ్లూ ఉన్నారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటుకీ (నీరు పైకి రావడం) పాటుకీ (నీరు వెనక్కి పోవడం) నీటిమట్టంలో ఒకటిన్నర మీటర్ల దాకా తేడా ఉంటుంది, తీరం వాలు తక్కువగా ఉన్నచోట అంటే చాలా అడుగుల ఇసుక మునిగిపోతుందని అర్థం. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర సముద్రం పోటు మీద ఉంటే కిందికి దిగకుండా రోడ్డు మీదే పోండి. పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, నిన్నటి టైము పట్టుకొని ఇవాళ వెళ్లొద్దు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఎగసిపడే అలల గురించి హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు చూసుకోండి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, పాటులో ఇసుక మేట తేలినా సరే, నడిచి దాటొద్దు. లోతు రోజురోజుకీ మారుతుంది.

అపోహ: ఎర్రమట్టి దిబ్బలు ఎక్కడైనా ఎక్కొచ్చు

భీమిలికి కొంచెం ముందు ఉన్న ఈ దిబ్బలు వేల ఏళ్లలో పేరుకున్న ఇసుక. వాన నీరు కోసిన గాడుల అంచులు చాలా గుల్లగా ఉంటాయి, ఒక్క మనిషి ఎక్కినా పెళ్లలు విరిగిపడతాయి. 2025లో తిరుమల కొండలతో పాటు ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. గాడి అడుగున నడవండి, వాన పడుతుంటే మానేయండి. మలుపులన్నీ ఒకేలా ఉంటాయి, వచ్చిన దారినే వెనక్కి రండి.

అపోహ: వేసవే బీచ్ సీజన్

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వార్తలు చూడకుండా కదలొద్దు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకింది.

అపోహ: వెన్నెల రాత్రి నడిస్తే ఇంకా బాగుంటుంది

చలికాలం చివర నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఈ ఇసుక మీదికే వస్తాయి. టార్చి వెలుగు, మనుషుల అలికిడి తగిలితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతాయి. పొద్దున నడకలో ట్రాక్టర్ చక్రం పోయినట్టు వెడల్పాటి జాడ నీళ్ల నుంచి పైకి వెళ్లి కనిపిస్తే అది తాబేలుదే. దాని చివర తవ్వకండి, అక్కడ నిలబడి ఫొటోలూ దిగకండి. ఆ చోటు గుర్తుపెట్టుకొని, దగ్గర్లోని అటవీశాఖ హేచరీలో చెప్పండి, వాళ్లొచ్చి గుడ్లని జాగ్రత్తగా తీసుకెళ్తారు.